అప్‌గ్రేడ్ తర్వాత కంప్యూటర్ లేవకపోతే: చేయవలసినవి, చేయకూడనివి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పటినుంచి పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కించే పని జోరందుకుంది. చాలావాటికి సాఫీగానే ఎక్కుతుంది. కొన్ని మాత్రం రీస్టార్ట్ అయ్యాక నల్లటి తెర దగ్గరో, కంపెనీ లోగో దగ్గరో ఆగిపోతాయి.

యలమంచిలి లాంటి ఊళ్లో ఒక్క కంప్యూటర్ ఆగితే చాలామంది పని ఆగుతుంది. డీటీపీ సెంటర్‌లో సగం టైపు చేసిన శుభలేఖ, కిరాణా హోల్‌సేల్ కొట్టులో టాలీ లెక్కలు, ఏటికొప్పాక లక్కబొమ్మల ఆర్డర్లు, వాటి ఫొటోలు, డిగ్రీ పిల్లల ప్రాజెక్టు, ఇంట్లో పదేళ్ల పెళ్లిళ్ల ఆల్బమ్, అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. అందుకే కంగారు. ఆ కంగారులోనే మొదటగా వినిపించే సలహా: "ఫార్మాట్ కొట్టేద్దాం."

దయచేసి ఆగండి. అప్‌గ్రేడ్ తర్వాత కంప్యూటర్ లేవలేదంటే చాలాసార్లు పాడైంది విండోస్ మొదలయ్యే దారి మాత్రమే. మీ ఫైళ్లు డిస్క్‌లో పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. అవి పోయేది ఎక్కువగా ఆ తర్వాత మనం తొందరపడి చేసే పనుల వల్ల. కాబట్టి ఒక్క నియమం పెట్టుకోండి: వెనక్కి తీసుకోగల పని ముందు చేయాలి, వెనక్కి రాని పని అన్నిటికన్నా చివర.

దీనికి ఒక ఉదాహరణ: 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పు అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. నీలి తెరతో మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతున్న ఆ యంత్రాలకు మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క తప్పు ఫైలును తీసేస్తే చాలు, లేచి కూర్చున్నాయి. చాలాచోట్ల ఆలస్యమైంది డిస్క్ తాళం తీసే రికవరీ కీ దగ్గర లేక. మన ఇంటి కంప్యూటర్‌కూ ఇదే పాఠం.

అప్‌గ్రేడ్‌కు ముందు

చేయవలసినవి:

- ముఖ్యమైన ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. "నా ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, సీ డ్రైవ్‌లో ఏమీ లేవు" అనేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.
- టాలీ వాడేవాళ్లు టాలీలోంచే బ్యాకప్ తీయండి. డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో కాగితం మీద రాసి పెట్టుకోండి.
- డీటీపీ వాళ్లు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ సెటప్ ఫైళ్లు, లైసెన్సు వివరాలు కూడా దాచుకోండి. ఫైలు మిగిలి ఫాంటు పోతే తెరమీద తెలుగుకు బదులు అర్థంకాని ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి.
- డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాయండి, లేదా ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. ఆ కీని అదే కంప్యూటర్‌లో దాచుకుంటే అక్కరకు రాదు.
- విండోస్ 11కి మీ యంత్రం సరిపోతుందో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్‌తో చూసుకోండి. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ సౌకర్యం, 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు కావాలి. ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే ఆ జాబితా మొదలవుతుంది.
- ఈదురుగాలులు, ఉరుములు లేని రోజు చూసుకోండి. మరమ్మతులకు కరెంటు ఆపుతామని విద్యుత్ సంస్థ ముందే చెప్పిన రోజు అసలు పెట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే ఫుల్ చార్జ్ చేసి, చార్జర్ తగిలించే ఉంచండి.

చేయకూడనివి:

- ఇంట్లో వాడే చిన్న యూపీఎస్ కొద్ది నిమిషాలే నిలబడుతుంది. అప్‌గ్రేడ్‌కు గంట దాటి పట్టవచ్చు. యూపీఎస్ ఉందన్న ధీమాతో కరెంటు కోతల వేళ మొదలుపెట్టకండి.
- కోర్ 2 డ్యూయో లాంటి పాత యంత్రాలకు అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించకండి. 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్‌కు ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు తప్పనిసరి. అవి లేని యంత్రం అసలు బూట్ కాదు. దాన్ని ఏ మరమ్మతూ లేపలేదు.
- విండోస్ 10లో పని సజావుగా సాగుతుంటే భయంతో పరుగెత్తకండి. సొంత వాడకం కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. అందులో చేరితే నెమ్మదిగా ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

అప్‌గ్రేడ్ నడుస్తుండగా

తెరమీద శాతం అంకె ఒకేచోట చాలాసేపు నిలిచిపోవడం మామూలే. ముఖ్యంగా పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రాల్లో. డిస్క్ లైటు మినుకుమంటోందంటే లోపల పని జరుగుతోందని అర్థం. కనీసం రెండు మూడు గంటలు వేచి చూడండి. "అండూయింగ్ చేంజెస్" అని కనిపిస్తే విండోస్ తనంతట తానే పాత స్థితికి వెళుతోంది. ఆ సమయంలో పవర్ బటన్ మీద చెయ్యి వేయకండి. బయాస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నడుస్తుంటే మరీ జాగ్రత్త: మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పనికిరాకుండా పోవచ్చు.

లేవలేదు. మొదట ఏం చేయాలి?

చేయవలసినవి:

- తెరమీద ఏ సందేశం ఉన్నా ఫోన్‌తో ఫొటో తీయండి. షాపులో "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండీ" అని చెప్పడం కంటే ఆ ఫొటో వందరెట్లు ఉపయోగం.
- పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ప్రింటర్, వేలిముద్రల యంత్రం, డాంగిల్, అన్నీ తీసేయండి. కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రమే ఉంచండి. వెనక పోర్టులో మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లోంచి బూట్ కావాలని చూస్తూ ఆగిపోయే యంత్రాలు చాలా ఉంటాయి.
- ఆఫ్ చేసి ప్లగ్గు తీయండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. మళ్లీ తగిలించి ఆన్ చేయండి. లోపల నిలిచిన చార్జి పోయి కొన్ని యంత్రాలు దీంతోనే లేస్తాయి.

చేయకూడనివి:

- ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అంటూ అదేపనిగా కొట్టకండి.
- డిస్క్‌లోంచి టక్ టక్ అని చప్పుడు వస్తుంటే ఇంకేమీ ప్రయత్నించకండి. అది విండోస్ జబ్బు కాదు, డిస్క్ జబ్బు. ఎంత తిప్పితే అంత డేటా పోతుంది. డిస్క్‌ను సరిచేస్తామనే చెక్‌డిస్క్ లాంటివి అప్పుడు అసలు నడపకూడదు.

ఎక్కడ ఆగిందో చూసి ఊహించండి

లైటు, ఫ్యాను కూడా రాకపోతే అది కరెంటు సమస్య. ప్లగ్గు, స్విచ్‌బోర్డు, కేబులు మార్చి చూడండి.

ఫ్యాను తిరిగి, తెర రాక, బీప్ శబ్దాలు వస్తే ఎక్కువగా ర్యామ్ సరిగా కూర్చోలేదు. శబ్దాలు ఎన్ని, పొడవైనవా పొట్టివా అన్నది రాసుకోండి.

లోగో వచ్చి "నో బూటబుల్ డివైస్" అంటే బూట్ వరుస మారింది, లేదా డిస్క్ కనబడటం లేదు, లేదా బయాస్‌లో ఎవరో బూట్ విధానం మార్చారు.

"ఇనాక్సెసబుల్ బూట్ డివైస్" అంటే విండోస్ మొదలైంది కానీ డిస్క్‌ను చదవలేకపోతోంది. బయాస్‌లో స్టోరేజ్ విధానం రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి గానీ, అటునుంచి ఇటు గానీ మారితే ఇలా జరుగుతుంది. పాత విధానానికి తిప్పితే చాలాసార్లు సరిపోతుంది.

నల్ల తెర మీద మౌస్ బాణం ఒక్కటే కదులుతుంటే విండోస్ లేచినట్టే. తెర డ్రైవర్ తడబడింది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతో కలిపి బి నొక్కి చూడండి.

బయాస్ జోలికి వెళ్లేటప్పుడు

విండోస్ 11 సెక్యూర్ బూట్ అడుగుతుందని విని, చాలామంది బయాస్‌లో లెగసీని తీసి యూఈఎఫ్ఐ పెడతారు. పాత విండోస్ లెగసీ పద్ధతిలో వేసి ఉంటే డిస్క్ ఎంబీఆర్ అమరికలో ఉంటుంది. యూఈఎఫ్ఐ విధానానికి జీపీటీ అమరిక కావాలి. అలా మార్చిన క్షణం నుంచి కంప్యూటర్ "డిస్కే లేదు" అంటుంది. డిస్క్ ఉంది, డేటా ఉంది, చదివే పద్ధతి ఒక్కటే మారింది.

చేయవలసినవి:

- ఏదైనా మార్చేముందు బయాస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీయండి.
- మార్పుకు ముందు పని చేసినదేదో గుర్తుంటే దానికే తిప్పండి. లెగసీలో లేచిన కంప్యూటర్‌ను ముందు లెగసీలోనే లేపండి.
- లేచాక, బ్యాకప్ తీశాక, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన ఎంబీఆర్‌టుజీపీటీ పరికరంతో డేటా పోకుండా అమరిక మార్చుకోవచ్చు. తెలిసినవాళ్లను పక్కన పెట్టుకుని చేయండి.

చేయకూడనివి:

- ఒకేసారి నాలుగైదు సెట్టింగులు మార్చకండి. ఒకటి మార్చి, సేవ్ చేసి, ఫలితం చూసి, ఆ తర్వాతే ఇంకొకటి.
- బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్‌లో టీపీఎంను "క్లియర్" చేయకండి. రికవరీ కీ చేతిలో లేకపోతే మీ డిస్క్ మీకే తలుపు తీయదు.

రికవరీ తెరలో

విండోస్ రెండుమూడుసార్లు వరసగా లేవలేకపోతే తానే "ఆటోమేటిక్ రిపేర్" తెర తెస్తుంది. రాకపోతే పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ మీద విండోస్ తయారుచేసుకోండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ముందున్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీదే వాడండి. దాంతో బూట్ చేశాక "ఇన్‌స్టాల్" జోలికి పోకుండా "రిపేర్" అన్న మాట ఉన్నదాన్ని ఎంచుకోండి.

అక్కడ "ట్రబుల్‌షూట్", "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్లాక ఈ వరుసలో నడవండి:

1. స్టార్టప్ రిపేర్. ఫైళ్లను ముట్టుకోదు.
2. స్టార్టప్ సెట్టింగ్స్ నుంచి సేఫ్ మోడ్. లేస్తే ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి. ఆ తర్వాత కొత్తగా వేసిన డ్రైవర్, యాంటీవైరస్ తీసేయండి.
3. అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. మామూలు నెలవారీ అప్‌డేట్ వల్ల ఆగితే "క్వాలిటీ", పెద్ద అప్‌గ్రేడ్ వల్ల ఆగితే "ఫీచర్" ఎంచుకోండి. పెద్ద అప్‌గ్రేడ్ నుంచి వెనక్కి వెళ్లడానికి మామూలుగా 10 రోజులే గడువు. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు చెరిగిపోతాయి. "వచ్చే నెల చూద్దాంలే" అనుకోవద్దు.
4. సిస్టమ్ రిస్టోర్. ముందే రిస్టోర్ పాయింట్ ఉంటేనే పనిచేస్తుంది.
5. రీసెట్. ఇది చివరిది. "కీప్ మై ఫైల్స్" అన్నా టాలీ, పేజ్‌మేకర్ లాంటి ప్రోగ్రాములన్నీ పోతాయి. "రిమూవ్ ఎవ్రీథింగ్" అంటే పేరులో ఉన్నదే జరుగుతుంది.

ఒకవేళ ఆ తెరలో కీబోర్డు, మౌస్ కదలకపోతే మీ పరికరాలు పాడయ్యాయని అనుకోకండి. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఒక విండోస్ 11 అప్‌డేట్ వల్ల రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయలేదు. అక్టోబర్ 20న మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఇచ్చింది. అలాంటప్పుడు పైన చెప్పిన పెన్‌డ్రైవ్ దారిలోనే వెళ్లండి.

ఫార్మాట్‌కు ముందు ఫైళ్లు బయటికి తీయడం

విండోస్ లేవకపోయినా ఫైళ్లు తీయవచ్చు. రికవరీ తెరలో "కమాండ్ ప్రాంప్ట్" తెరిచి, ఇంగ్లీషులో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. ఆ తెరలో డ్రైవ్ అక్షరాలు తారుమారు కావచ్చు. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అనో ఈ అనో కనిపించినా బెదరకండి. యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి, మీ పేరున్న ఫోల్డర్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మీద కుడి క్లిక్ చేసి కాపీ అనండి. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ చేయండి. కాపీ అవుతున్నప్పుడు తెరమీద ఏ కదలికా కనిపించదు. ఓపిక పట్టండి. అది పూర్తయ్యేదాకా ఇంకేదీ నొక్కకండి.

ఇది కుదరకపోతే, ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి ఫైళ్లు తీయవచ్చు. అక్కడ "ఇన్‌స్టాల్" అన్నది నొక్కకూడదు, "ట్రై" అన్నదే నొక్కాలి. బిట్‌లాకర్ ఉంటే ఏ దారిలో వెళ్లినా రికవరీ కీ కావాలి. కీ కాగితం దొరకకపోతే, ఆ కంప్యూటర్‌లో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఫోన్‌లోంచి లాగిన్ అయి, డివైస్ వివరాల్లో వెతకండి. తెరమీద కనిపించే కీ ఐడీ మొదటి 8 అక్షరాలు, ఖాతాలో ఉన్నవాటితో సరిపోయినదే మీది. ఆఫీసు కంప్యూటర్ అయితే ఆ కీ ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

కరెంటుతో జాగ్రత్త

చేయవలసినవి:

- క్యాబినెట్ మూత తీసేముందు స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి, ప్లగ్గు పీకేయండి. ర్యామ్ ముట్టుకునేముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి ఒంట్లో ఉన్న స్టాటిక్ చార్జి వదిలించుకోండి.
- క్యాబినెట్ తాకితే చెయ్యి జిల్లుమంటోందంటే ఎర్తింగు సరిగా లేనట్టే. అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సముద్రం దగ్గరున్న మన ప్రాంతంలో ఉప్పుగాలికి, తేమకు ప్లగ్గులు త్వరగా తుప్పు పడతాయి.
- పిడుగుల వేళ కరెంటు ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ కేబులు కూడా తీయండి.

చేయకూడనివి:

- ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బా ఎట్టి పరిస్థితుల్లో విప్పకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జి ఉంటుంది.
- ల్యాప్‌టాప్ అడుగు ఉబ్బిందంటే బ్యాటరీ ఉబ్బిందన్నమాట. నొక్కకండి, గుచ్చకండి, చార్జి పెట్టకండి. ఆఫ్ చేసి సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.
- మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ తీస్తే పిల్లలకు అందేచోట పెట్టకండి. మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా సరే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పరుగెత్తాలి.

సాయం అడిగేటప్పుడు

చేయవలసినవి:

- అనకాపల్లి తీసుకెళ్లినా, విశాఖ తీసుకెళ్లినా ముందు ఒక్క మాట గట్టిగా చెప్పండి: "నా డేటా కావాలి. నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు." రసీదు మీద అదే రాయించుకోండి.
- కంప్యూటర్ మోడల్, హార్డ్‌డిస్క్ సీరియల్ నంబరు ఫొటో తీసి ఉంచుకోండి.
- బ్యాంకు పాస్‌వర్డులు ఆ కంప్యూటర్‌లో ఉంటే, మరమ్మతు అయ్యాక మార్చండి.

చేయకూడనివి:

- తెరమీద వచ్చిన ఎర్రర్ నంబరును నెట్‌లో వెతికి, కనిపించిన "కస్టమర్ కేర్" నంబర్లకు ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరిక సందేశాల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. ఫోన్ చేసినవారిని దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ వేసుకోమని చెప్పి ఖాతా ఖాళీ చేసే ముఠాలు కాచుకుని ఉన్నాయి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.
- క్రాక్ చేసిన విండోస్, "యాక్టివేటర్" ఫైళ్లు ఒప్పుకోకండి. వాటితోపాటు ఏమొస్తుందో వేసినవాళ్లకే తెలియదు.

లేచాక

ముందు బ్యాకప్, ఆ తర్వాతే పని. బిట్‌లాకర్ కీ మళ్లీ చూసి రాసుకోండి. ప్రింటర్, వేలిముద్రల యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. అన్నీ ఒకేసారి పెడితే తప్పు దేనిదో తెలియదు. ఫాస్ట్ స్టార్టప్ ఆపితే బూట్ చిక్కులు కొన్ని తగ్గుతాయి.

ఆ తర్వాత పాత సెటప్ ఫైళ్లు, పాస్‌వర్డులు, కీలు, ఫాంట్లు, ఏవేవి ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరికి కూడా చూపించండి. కంప్యూటర్ మళ్లీ ఆగే రోజున మీరు ఊళ్లో లేకపోయినా వాళ్లు ఫార్మాట్‌కు ఒప్పుకోకుండా ఆపగలుగుతారు. విండోస్‌ను ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. పదేళ్ల లెక్కలు, పెళ్లి ఫొటోలు ఎవరూ మళ్లీ వేసి ఇవ్వలేరు. ఇదంతా చదివాక మీరు చేయవలసిన మొదటి పని అప్‌గ్రేడ్ కాదు, బ్యాకప్.